తాతగారి మంగలి కత్తితో గడ్డం గీసుకోవచ్చా? ముందు ఏం నేర్చుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఊళ్ళో ట్రంకుపెట్టె సర్దుతుంటే తాతగారి మడత కత్తి దొరికింది. దాని మీద 'సోలింగెన్' అని చెక్కి ఉంది. మీకేమో మూడు బ్లేళ్ళ రేజర్ వాడి మెడంతా ఎర్రగా పొక్కులొస్తున్నాయి. ఈ కత్తితోనే గడ్డం గీసుకోవడం నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం కొనాలి, ఎన్నాళ్ళు పడుతుంది?

ముందు జవాబు చెప్పేస్తాను. గీసుకోవచ్చు, కానీ ఆ కత్తితో మొదలుపెట్టకండి. మొదటి ఆరు వారాలు బ్రష్షు, సబ్బు, మామూలు రెండంచుల బ్లేడు వేసే సేఫ్టీ రేజర్ వాడండి. ఈలోగా తాతగారి కత్తిని తెలిసినవాళ్ళ చేత సాన పట్టించండి. ఆ తర్వాత చెంపలతో మొదలుపెట్టి మెల్లగా కత్తికి మారండి. ముఖమంతా కత్తితో ధైర్యంగా గీసుకోవడానికి మొత్తం మీద నాలుగు నెలలు పడుతుంది. ఇక పొక్కుల సంగతి. చాలామందికి సేఫ్టీ రేజర్ దశలోనే సగానికి పైగా తగ్గిపోతాయి.

మాది క్షౌరవృత్తి కుటుంబం. మా తాత పొది చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు, నాన్న తెనాలిలో షాపు పెట్టాడు, నేను విజయవాడలో ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నాను. షాపులో ఇప్పుడు అసలు కత్తి వాడను, సగం బ్లేడు పెట్టేదే వాడతాను. ఎందుకో కింద చెబుతాను. నా గడ్డం మాత్రం ఇప్పటికీ కత్తితోనే గీసుకుంటాను. ఇలా పాత కత్తులు తెచ్చేవాళ్ళకు సాన పట్టి ఇస్తుంటాను కూడా.

పొక్కులు ఎందుకొస్తున్నాయి

మూడు, ఐదు బ్లేళ్ళ రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, వెనక బ్లేడు దాన్ని కోస్తుంది. కోసిన మొదలు చర్మం లోపలికి జారిపోతుంది. అప్పటికి ముఖం నున్నగా ఉంటుంది. వెంట్రుక వంకర తిరిగేదైతే మళ్ళీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా చర్మంలోకే గుచ్చుకుంటుంది. అదే మీ పొక్కు. మెడ మీద ఎక్కువ రావడానికి కారణం, అక్కడ వెంట్రుకలు ఒక వాలులో ఉండవు. కొన్ని కిందికి, కొన్ని పక్కకి, కొందరికి గొంతు దగ్గర పైకి కూడా ఉంటాయి.

ఒక్క బ్లేడే ఉండే రేజరైనా, కత్తైనా వెంట్రుకను చర్మం మట్టానికి కోసి వదిలేస్తుంది, లోపలికి పోనివ్వదు. అంతే తేడా. కాబట్టి కత్తిలో మహిమేమీ లేదు. కత్తి పట్టుకుని చర్మం బిర్రుగా లాగి రివర్స్ కొడితే, అంటే వెంట్రుక పెరిగే దిక్కుకు ఎదురుగా గీస్తే, అవే పొక్కులు వస్తాయి. దీన్ని మొదటే చెప్పడానికి కారణముంది. మా షాపుకొచ్చే ఒక ఇంజినీరింగ్ కుర్రాడు పదివేలు పైన పోసి జర్మనీ కత్తి తెప్పించుకున్నాడు. నెల తర్వాత మెడ చూపించాడు, ముందుకంటే అధ్వాన్నంగా ఉంది. కత్తి బాగుంది, పదును బాగుంది. రోజూ రివర్స్ కొడుతున్నాడు. రివర్స్ మానెయ్యమన్నాను, రోజు విడిచి రోజు గీసుకోమన్నాను, అదీ వాలు వెంబడి ఒక్కసారే. మూడు వారాలకు మెడ తేటపడింది. చేతితో తడిమితే కాస్త గరుకు తగులుతుందని ఒప్పుకున్నాడు. ఆ గరుకు ఉండనివ్వాలి.

అందుకని కత్తి పట్టేముందు ఒక పని చేయండి. రెండు రోజులు గడ్డం పెంచి, అద్దం ముందు వేలితో అన్ని దిక్కులా నిమరండి. ఎటు నిమిరితే నున్నగా పోతుందో అది వాలు, ఎటు నిమిరితే గుచ్చుకుంటుందో అది ఎదురు. ఒక కాగితం మీద ముఖం బొమ్మ వేసుకుని బాణం గుర్తులు పెట్టుకోండి. రెండు చెంపలూ ఒకేలా ఉండకపోవచ్చు. నా ఎడమ దవడ కింద అరచేయంత మేర వెంట్రుక చెవి వైపుకు పెరుగుతుంది. అది కనిపెట్టడానికి నాకే చాలా ఏళ్ళు పట్టింది.

నీళ్ళు, నురగ

కొత్తవాళ్ళు కత్తి గురించి వంద ప్రశ్నలడుగుతారు, నురగ గురించి ఒక్కటీ అడగరు. నన్నడిగితే మంచి గడ్డంలో ముప్పాతిక వంతు నురగదే. ఎండిన గడ్డం వెంట్రుక చాలా గట్టిది. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నానితే నీరు పీల్చి మెత్తబడుతుంది. మా తాత కత్తి తీసే ముందు నీళ్ళు చల్లి బొటనవేలితో గడ్డాన్ని చాలాసేపు రుద్దేవాడు. చిన్నప్పుడు అది ఆయన అలవాటనుకున్నాను. అసలు పని అక్కడే జరుగుతోందని తర్వాత అర్థమైంది. మీరైతే స్నానం కాగానే గీసుకోండి, సరిపోతుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది, బోరు నీళ్ళు. హైదరాబాద్‌లో ఉంటున్నానన్నారు కాబట్టి ఇది గట్టిగా పట్టించుకోండి. ఉప్పు నీళ్ళలో కాల్షియం ఎక్కువ. అది సబ్బుతో కలిసి తెల్లటి పొరలా గిన్నెకు అంటుకుంటుంది, నురగ లేవదు. లేచినా నిమిషంలో ఎండిపోతుంది. సబ్బు మంచిది కాదనుకుని మనం సబ్బులు మారుస్తూ కూర్చుంటాం. గిన్నెలో నురగ చేయడానికి ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్ళు వాడి చూడండి, అదే సబ్బు వేరేలా ఉంటుంది. ముఖం కడుక్కోవడానికి ఏ నీళ్ళైనా పర్వాలేదు.

నురగ ఎలా ఉండాలో మాటల్లో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. బ్రష్షు తడిపి, దులిపి, సబ్బు మీద ముప్పై నలభై సార్లు గుండ్రంగా తిప్పండి. బ్రష్షు కొసలకు చిక్కటి ముద్దలా పడుతుంది. ఇప్పుడు గిన్నెలో తిప్పుతూ చెంచాడు చెంచాడు నీళ్ళు కలపండి. మొదట పెద్ద పెద్ద బుడగలొస్తాయి. ఆగకండి, ఇంకా తిప్పండి. బుడగలు చితికి మీగడ గిలక్కొట్టినట్టు నిగనిగలాడే నురగ వస్తుంది. బ్రష్షు పైకెత్తితే మొన వంగి నిలబడాలి, కారకూడదు. కాస్త తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దండి. వేళ్ళు జారాలి. అతుక్కుంటుంటే ఇంకో చెంచా నీళ్ళు. చాలామంది నీళ్ళు తక్కువ కలుపుతారు, అందుకే నురగ తెల్లగా దట్టంగా కనిపిస్తుంది గానీ బ్లేడు జారదు.

ఖరీదైన సబ్బు అక్కర్లేదు. సెలూన్లలో వాడే మామూలు ట్యూబు క్రీముతో కూడా, సరైన నీళ్ళు కలిపితే, మంచి నురగ వస్తుంది. బ్రష్షు మాత్రం సింథటిక్ కుచ్చుది తీసుకోండి, త్వరగా ఆరుతుంది. పంది వెంట్రుకల బ్రష్షు అయితే ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు నానబెట్టాలి.

ఆరు వారాలు సేఫ్టీ రేజర్ ఎందుకు

కింగ్ క్యాంప్ జిలెట్ 1903లో అమ్మకం మొదలుపెట్టిన పద్ధతే ఇది. కత్తి మీద భయం లేకుండా ఎవరి గడ్డం వాళ్ళు గీసుకోవాలని చేశాడు. మీకు దీంతో రెండు సంగతులు చేతికి వస్తాయి. ఒకటి కోణం, రెండోది బరువు. పిడి చెంపకు లంబంగా పెట్టి, బ్లేడు తగిలేవరకు మెల్లగా కిందికి వంచండి. వెంట్రుక తెగే చప్పుడు వినిపిస్తుంది, అదే కోణం. సుమారు ముప్పై డిగ్రీలు ఉంటుంది. నొక్కకండి, రేజర్ బరువే చాలు. మూడు, ఐదు బ్లేళ్ళ కార్ట్రిడ్జి రేజర్ మనకు నొక్కడం నేర్పేసింది. ఆ అలవాటు పోవడానికే ఈ ఆరు వారాలు. నొక్కే చేతిలో అసలు కత్తి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఐదారు వందల నుంచి రెండున్నర వేల లోపు మంచి రేజర్ వస్తుంది. బ్లేళ్ళు రెండు మూడు రకాలు తెచ్చి చూడండి, ఒకరికి నప్పింది ఇంకొకరికి నప్పదు. జపాన్ ఫెదర్ బ్లేడు చాలా పదును, దాంతో మాత్రం మొదలుపెట్టవద్దు. ఒక బ్లేడు నాలుగైదు గడ్డాలకు మించి వాడకండి.

షావెట్‌తో, అంటే హైదరాబాద్‌లో ఉస్త్రా అనే సగం బ్లేడు కత్తితో, మొదలుపెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. చవక, సాన పట్టే పని లేదు, నిజమే. కానీ నేర్చుకునేవాళ్ళకు అసలు కత్తి కంటే అదే కఠినం. తేలిగ్గా ఉంటుంది, బ్లేడు మూలలు సూదిలా ఉంటాయి, కోణం కాస్త తప్పినా క్షమించదు. బరువైన కత్తి చర్మం మీద ఒద్దికగా కూర్చుంటుంది. షాపుల్లో సగం బ్లేడు వాడడానికి కారణం వేరు. ఒకే కత్తి పదిమందికి వాడితే హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ వైరస్ లాంటివి రక్తం ద్వారా పాకే ప్రమాదం ఉంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా వారం రోజులు బతికి ఉంటుంది. అందుకే మీ కళ్ళముందు కొత్త బ్లేడు విరిచి పెట్టని షాపులో కూర్చోకండి. అందుకే ఇంట్లో కూడా ఒక కత్తి ఒక్కరికే. అన్నదమ్ములైనా సరే.

ఇప్పుడు తాతగారి కత్తి

సోలింగెన్ జర్మనీలో కత్తుల ఊరు. ఇంగ్లండులో షెఫీల్డ్, ఫ్రాన్సులో తియేర్ లాంటిది. అక్కడ చేయనిదాని మీద ఆ ఊరి పేరు వేయకూడదని 1938లో చట్టం కూడా చేశారు. కాబట్టి చెక్కిన పేరు నిజమైనదైతే ఉక్కు మంచిదే. ఇవి చూడండి.

వెలుతురు కిందపెట్టి అంచు పొడవునా చూడండి. పెచ్చు ఊడిందా, పగులుందా? వెన్ను మీదా రేకు మధ్యలోనూ తుప్పు ఉంటే పర్వాలేదు, తీసేయొచ్చు. అంచు దాకా పాకి గుంటలు పడితే లాభం లేదు. అంచుకు పగులుంటే దాన్ని గుర్తుగా దాచుకోండి, ముఖం మీద పెట్టకండి. పిడి సెల్యులాయిడ్ అనే పాత రకం ప్లాస్టిక్‌దైతే ఒకసారి వాసన చూడండి. కర్పూరంలాంటి ఘాటు వాసన వచ్చి, పిడి జిగటగా ఉంటే అది కుళ్ళుతోందని అర్థం. ఆ ఆవిరికి ఉక్కు తుప్పు పడుతుంది, పిడి మార్పించాలి. ఏనుగు దంతం పిడి కత్తులు అక్కడక్కడ కనిపిస్తాయి. అవి కొనడం అమ్మడం మన దేశంలో నేరం, ఆ జోలికి పోవద్దు. కత్తి ఎవరిదైనా మొదట సబ్బుతో కడిగి, సర్జికల్ స్పిరిట్‌తో బాగా తుడవండి. మరిగించకండి, పిడి పాడైపోతుంది.

సైకిల్ మీద తిరిగే సాన చక్రం ఆయనకు మాత్రం ఇవ్వకండి. ఇది మా ఇంట్లోనే జరిగింది. మా తాత పోయాక ఆయన వాడిన కత్తుల్లో బాగున్నదాన్ని, నేను పట్నంలో ఉన్నప్పుడు, ఇంట్లోవాళ్ళు ప్రేమతోనే పదును పెట్టించారు. నేను వచ్చి చూసేసరికి అంచు పొడవునా నీలి రంగు తిరిగి ఉంది. చక్రం వేడికి ఉక్కు పట్టు పోయింది. ఎంత సాన పట్టినా ఒక్క చెంప దాటి పదును నిలవలేదు. ఆ కత్తి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అది తీసినప్పుడల్లా ఆయన బొటనవేలు గుర్తొస్తుంది. చక్రం తిప్పే మనిషి తప్పు లేదు. అది కత్తిపీటలకు, కత్తెరలకు చేసిన పనిముట్టు. మంగలి కత్తికి రాయి కావాలి.

మంగలి కత్తిని సాన పట్టేటప్పుడు వెన్నూ అంచూ రెండూ రాతిని తాకుతూ ఉండాలి. వెన్ను మందమే కోణాన్ని చూసుకుంటుంది, కాబట్టి చెయ్యి కోణం పట్టాల్సిన పని లేదు. నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన; వెయ్యి నంబరు రాతితో మొదలుపెట్టి నాలుగు వేలు, ఎనిమిది వేలు, చివర పన్నెండు వేల నంబరు రాయి దాకా వెళ్తాం. రాయి చదరంగా లేకపోతే అంతా వృథా. మొదటిసారి ఇది మీరు చేయకండి. తెలిసినవాళ్ళకు ఇచ్చి, పదునైన అంచు ఎలా ఉంటుందో మీ ముఖానికి తెలియనివ్వండి. అది తెలియకపోతే రేపు సొంతంగా పట్టినప్పుడు సరిగ్గా వచ్చిందో లేదో పోల్చుకోలేరు. సరిగ్గా పట్టిందో లేదో చూడాలంటే ముంజేతి వెంట్రుకల మీద, చర్మానికి అర సెంటీమీటరు ఎత్తున, అంచును ఆడించండి. వెంట్రుక టక్కున తెగాలి. బొటనవేలిని అంచు మీద గీసి మాత్రం చూడకండి.

ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు దొరికే మడత కత్తులు కొనకండి. అవి కత్తి ఆకారంలో ఉంటాయి, అంతే. వాటి ఉక్కు పదును నిలుపుకోదు. వాటితో గాట్లు పడి, ఈ విద్యే తమకు రాదనుకుని మానేసినవాళ్ళను చాలామందిని చూశాను. కొత్తది కొనాల్సివస్తే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల (5/8) వెడల్పుది, ముక్కు గుండ్రంగా ఉన్నది తీసుకోండి. కొత్తదాన్ని కూడా ఒకసారి సాన పట్టించాల్సి రావొచ్చు.

తోలు పట్టీ

గడ్డం గీసుకునే ప్రతిసారీ ముందుగా తోలు మీద పదును తీర్చాలి. అంచు చాలా పలచన, ఒక గడ్డానికే అటూ ఇటూ వంగుతుంది. తోలు దాన్ని నిలబెడుతుంది, పైనున్న సన్నటి తుప్పు పొరను తుడుస్తుంది. పట్టీకి ఒక వైపు గుడ్డ, రెండో వైపు తోలు ఉంటాయి. గుడ్డ వైపు ఇరవై, తోలు వైపు నలభై సార్లు చాలు.

ఇక్కడ ఒకే ఒక నియమం: వెన్ను ముందు, అంచు వెనక. చివరికి రాగానే కత్తిని వెన్ను మీదుగా తిప్పాలి, అంచు మీదుగా కాదు. తొందరపడితే తోలు తెగుతుంది, అంచు మొద్దుబారుతుంది. పద్నాలుగేళ్ళప్పుడు నేను మా నాన్న పట్టీని అడ్డంగా కోసేశాను. ఆయన తిట్టలేదు. మడత కత్తికి బదులు వెన్న రాసే కత్తి చేతికిచ్చి వారం రోజులు అదే తిప్పించాడు. మీరూ అలాగే చేయండి. మొదటి పట్టీ చవకది కొనండి, ఎలాగూ దానికి గాట్లు పడతాయి. పట్టీని బిగుతుగా లాగి పట్టుకోండి, వదులైతే అంచు గుండ్రమవుతుంది. వేగం అక్కర్లేదు. సరిగ్గా ఆనినప్పుడు తోలు మీద కత్తి సన్నగా, ఒకే శ్రుతిలో సర్రుమంటుంది. మధ్యలో శ్రుతి మారితే చెయ్యి లేచిందన్నమాట. నేను ఇప్పటికీ చూపుతో కాదు, చెవితోనే పట్టీ పడతాను.

ఇలా చూసుకుంటే రాతి దగ్గరికి రెండు మూడు నెలలకోసారి వెళ్తే చాలు.

ముఖం మీద

మొదటి వారం ఒక్క చెంప, కుడి చేతివాటమైతే కుడి చెంప. మిగతాది సేఫ్టీ రేజర్‌తో. రెండో వారం రెండో చెంప. దానికి చెయ్యి ముఖానికి అడ్డంగా వస్తుంది కాబట్టి మొదట బెరుకుగా ఉంటుంది. తర్వాత దవడ కింద, మెడ. గడ్డం మొన, పై పెదవి చివరికి ఉంచండి, నెల దాటాకే.

రెండో చేత్తో చర్మాన్ని బిగువుగా, మరీ బిర్రుగా కాకుండా, పట్టుకోండి. కత్తి వెన్నును చర్మానికి ఆనించి, వెన్ను మందానికి రెండింతల ఎడం వచ్చేంత లేపండి. చిన్న చిన్న గీతలు, రెండు సెంటీమీటర్లకు మించకుండా. కత్తి ఎప్పుడూ అంచుకు అడ్డంగానే కదలాలి. అంచు పొడవునా పక్కకు జరిగితే కూరగాయ కోసినట్టే. చాలా గాట్లు గీసేటప్పుడు కాదు, కత్తి ఆనించేటప్పుడో తీసేటప్పుడో పడతాయి.

జారిన కత్తిని పట్టుకోబోకండి. పడనివ్వండి. చెయ్యి దానంతటదే పోతుంది, అందుకే మొదటి రోజు మూసిన కత్తితో కావాలని పడేసి, కాళ్ళు వెనక్కి తీసుకోవడం అలవాటు చేసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తలుపు గడియ పెట్టండి. పని మధ్యలో ఫోను మోగితే కత్తి మడిచాకే తిరగండి.

గీసుకున్నాక చల్లటి నీళ్ళతో కడిగి, తడి పటికను ముఖమంతా రాయండి. చిన్న గాట్లకు రక్తం ఆగుతుంది, ఎక్కడ ఎక్కువ నొక్కారో అక్కడ చురుక్కుమంటుంది. రోజూ ఎక్కడ మండిందో గుర్తుపెట్టుకుంటే మీ చెయ్యి ఎక్కడ దిద్దుకోవాలో తెలిసిపోతుంది.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, గాయం మానాక మచ్చ ఉబ్బే ఒంటి తత్వం ఉన్నవాళ్ళు, ముఖం నిండా చీము మొటిమలున్నవాళ్ళు కత్తి జోలికి పోకండి. మీ మెడ మీది పొక్కుల్లో చీము ఉంటే ముందు చర్మం డాక్టరుకు చూపించండి, ఆ తర్వాతే ఇవన్నీ.

కత్తిని కడిగాక మెత్తటి గుడ్డతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకు తుడిచి, తోలు మీద నాలుగు సార్లు లాగి, ఒక గంట తెరిచి ఆరనివ్వండి. తడిగా మడిస్తే పిడి లోపల తుప్పు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలోనైతే రాత్రికి రాత్రే మచ్చలు పడతాయి. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క రాయండి. బాత్రూమ్‌లో మాత్రం దాచకండి. విమానంలో వెళ్తే చేతి సంచిలో పెట్టనివ్వరు, లగేజీలో వేయాలి.

మీ కత్తి ఫొటోలు నాలుగు పెట్టండి: వెలుతురుకు ఎదురుగా అంచు, పైనుంచి వెన్ను, పేరు చెక్కిన చోటు, మడిచినప్పుడు అంచు పిడి మధ్యలోకి వస్తోందా పక్కకు ఒరుగుతోందా కనిపించేలా ఒకటి. తుప్పు మీరు గీకకండి, ఉన్నదున్నట్టే తీయండి. సాన పట్టొచ్చో లేదో చూసి చెబుతాను.